పాస్కల్ సూత్రమూ, మన చేతులూ

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుందని పాస్కల్ సూత్రం. 1662లో మరణించిన ఆ ఫ్రెంచి మేధావి గ్రంథం మరుసటి యేట వెలువడింది. మన విద్యార్థులు ఈ సూత్రాన్ని కంఠస్థం చేసి మార్కులు సంపాదిస్తున్నారు. అది మోటారు సైకిలు హ్యాండిలు మీద పనిచేస్తున్నదని ఎందరు గుర్తించారు?

మన వీధులలోని బండ్లలో అధిక భాగానికి క్లచ్ వైరు ఉంటుంది. కొన్ని పెద్ద బండ్లలో మాత్రం వైరుకు బదులు ద్రవమే ఆ పని చేస్తుంది. లివరు నొక్కగానే హ్యాండిలు వద్దనున్న మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఇంజను వద్దనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. ద్రవం దాదాపు కుంచించుకొనదు, గాలి కుంచించుకొంటుంది. కావున గొట్టంలో గాలి చేరినచో, చేతి బలం దానిని నలపడానికే వ్యయమవుతుంది. లివరు మెత్తబడుతుంది, గేరు కరకరలాడుతుంది, న్యూట్రల్ దొరకదు.

ఆ గాలిని వెడలించుట కష్టం కాదు. క్రమం మాత్రం తప్పరాదు. మూతపై సూచించిన ద్రవాన్నే పైపాత్రలో నింపవలెను. స్లేవ్ సిలిండర్ బ్లీడర్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని కొనను కొంత ద్రవమున్న సీసాలో ముంచవలెను. ఒకరు లివరును మెల్లగా పలుమార్లు నొక్కి, నొక్కియే పట్టుకొనగా, మరియొకరు బ్లీడర్‌ను పావు చుట్టు విప్పి బుడగలు వెలువడగానే బిగించవలెను. ఆ పిమ్మటనే లివరు వదలవలెను. ముందే వదిలిన బయటి గాలి లోనికి పోవును. బుడగలు ఆగువరకు ఇట్లే చేయవలెను. ఈలోగా పైపాత్ర అడుగంటరాదు. బ్రేకు ద్రవం రంగును తినివేస్తుంది గనుక ఒలికినచో వెంటనే నీటితో కడగవలెను. ఇదే గాలి బ్రేకులో చేరినచో ముప్పు ప్రాణానికే.

కళాశాల మెకానిక్ షెడ్డు కాదని కొందరు పెద్దలు అనవచ్చును. నిజమే. కాని షెడ్డులోని ఉస్తాదు పాస్కల్ పేరు వినకపోయినా, లివరు మెత్తదనాన్ని వ్రేలితో తాకి లోపం చెప్పగలడు. సూత్రం వల్లించే మన పట్టభద్రుడు అదే బండిని తోసుకొనిపోయి అతని ముందు నిలబడుతున్నాడు. మన విద్యార్థులలో కొందరి తండ్రులూ అన్నలూ ఈ వృత్తితోనే ఇల్లు నడుపుతున్నారు. ఆ పనిలో భౌతికశాస్త్రమున్నదని ఎవరూ చెప్పనందువలననే, నూనె అంటిన ఆ చేతులను మిత్రులకు చూపడానికి కుమారుడు సంకోచిస్తున్నాడు. ఈ సంకోచాన్ని పోగొట్టని విద్య అసంపూర్ణమని నా అభిప్రాయం.

కమిటీవారికి నా విన్నపమొక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక పాత మాస్టర్ సిలిండరును, స్లేవ్ సిలిండరును గొట్టంతో కలిపి బల్లపై బిగించండి. ఏడాదికి రెండుమార్లు ఊరి ఉస్తాదును గౌరవ వేతనంతో పిలిపించి, అధ్యాపకుని ప్రక్కనే కుర్చీ వేయండి. ఖర్చు స్వల్పం. ఆ దినాన విద్యార్థి ఉస్తాదుకు పాస్కల్ పేరు చెబుతాడు. ఉస్తాదు విద్యార్థి చేతికి స్పానరు ఇస్తాడు.