వందో శాలువాకు ఇంకా ఆరేళ్ళు

వంద శాలువాలు అల్లాలని పెట్టుకున్నాను. ఇప్పటికి అయినవి 31. నాకు 63 ఏళ్ళు. ‘ఈ లెక్కన వందోది అయ్యేసరికి నీకు డెబ్బై దగ్గర పడతాయమ్మా’ అని మా అబ్బాయి నవ్వుతాడు. పడనీ అంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఏళ్ళ తరబడి ఉండే జబ్బు ఉందా? వాళ్ళ వెంట ఆసుపత్రికి వెళ్ళేది మీరేనా? అయితే ఈ మాటలు మీకే. జబ్బు మనిషికి మందులున్నాయి, డైట్ చార్టు ఉంది, చూసుకునే సిస్టర్లున్నారు. పక్కన కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఏముంది? నన్నడిగితే వాళ్ళకూ ఒక పని కావాలి. అది జబ్బుకు సంబంధించిన పని కాకూడదు. వారంలో అయిపోయేదీ కాకూడదు.

మావారికి డయాలసిస్ మొదలై నాలుగో ఏడు నడుస్తోంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మేం వెళ్ళే సెంటర్లో పక్కన కూర్చోనిస్తారు. మొదటి ఆరు నెలలు ఆ నాలుగు గంటలూ ఫోన్‌తోనే గడిపాను. క్రియాటినిన్ గురించి ఒక వీడియో చూస్తే, దాని కింద పది వచ్చేవి. ఒకటి అది తినమంటే ఇంకొకటి అదే విషమనేది. రాత్రి పడుకుంటే అవే కళ్ళ ముందు తిరిగేవి. ఆయన బీపీ చూడ్డానికి వెళ్ళి, ఒకరోజు నాదీ చూపించుకున్నాను. నాకూ మాత్ర మొదలైంది.

అప్పుడు బయటికి తీశాను, బడిలో క్రాఫ్ట్ పీరియడ్‌లో నేర్చుకున్న అల్లిక సూదుల్ని. దారంతో పని మా ఇంట్లో కొత్త కాదు. మా అమ్మమ్మది నర్సాపురం దగ్గర పల్లె, ఇంటింటా లేసు అల్లే ప్రాంతం. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాను. కానీ అల్లిక వల్ల మనసుకు హాయి అని అమ్మమ్మతో అంటే నవ్వేసేది. ఆమెకది కూలి. కంటిచూపు పెట్టి సంపాదించిన డబ్బు. కాబట్టి ఇందులో ఏదో మహిమ ఉందని నేను చెప్పబోవడం లేదు.

మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. మొదటి శాలువా సగంలో ఉండగా పడుకునే లెక్క కట్టారు. వరసకు 108 కుట్లు (అష్టోత్తరం కుదిరింది అన్నారు), 432 వరసలు, మొత్తం 46,656 కుట్లు. నిమిషానికి 25 చొప్పున వేస్తే 31 గంటలు. మధ్యలో ఆయన్ను చూసుకుంటూ వారానికి ఏడు గంటలు అల్లగలను. అంటే ఒక శాలువాకు నెల దాటుతుంది.

ఆ మొదటిది ఆయన కోసమే అల్లాను. డయాలసిస్‌లో చాలామందికి చలేస్తుంది. రక్తం గొట్టాల్లోంచి బయటికొచ్చి తిరిగి లోపలికి వెళ్తుంది. పైగా బీపీ పడిపోకుండా ఒక్కోసారి యంత్రంలోని ద్రవాన్ని కావాలనే కాస్త చల్లగా ఉంచుతారు. పైన ఏసీ. నేను మురిసిపోతూ రెండు చేతులూ మూసేలా కప్పాను. టెక్నీషియన్ వెంటనే తీసేశాడు. ‘ఫిస్టులా ఉన్న చెయ్యి ఎప్పుడూ కనపడాలమ్మా’ అన్నాడు. ఆ చేతికి పెట్టిన సూది జారితే నిమిషాల్లోనే ప్రమాదమయ్యేంత రక్తం పోతుంది. పైన గుడ్డ కప్పి ఉంటే ఎవరికీ తెలియదు. అప్పట్నుంచీ ఒక భుజం మీదుగా వేసుకుని, రెండో చెయ్యి బయట ఉండేలా అల్లుతున్నాను. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. చలితో పాటు ఒళ్ళు వణికినా, జ్వరం వచ్చినా అది శాలువాతో పోయే చలి కాదు. ఇన్ఫెక్షన్ కావచ్చు. కప్పి ఊరుకోకుండా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

తర్వాత పక్క మంచం ఆయనకు ఒకటి, ఎదుటి మంచం అమ్మాయికి ఒకటి. ‘నాకెందుకమ్మా ఈ సన్మానం?’ అన్నాడు ఒక పెద్దాయన. నిజమే, మనకు శాలువా అంటే సన్మానమే. రిటైర్మెంటు రోజు మావారికి కప్పినవి ఆరు బీరువాలో ఉన్నాయి. జరీ గుచ్చుకుంటుంది, ఒక్కటీ ఒంటి మీద నిలవదు. నేను వాడేది మెత్తటి యాక్రిలిక్ దారం. ఉతికితే పాడవదు. ఎవరిది వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళి, ప్రతిసారీ ఉతికి తెచ్చుకోవాలన్నది నా ఒకే ఒక్క షరతు.

అంకె పెట్టుకోవడంలో ప్రమాదమూ ఉంది. ఒక ఏడాది సంక్రాంతిలోగా పది పూర్తి చేయాలని పంతం పట్టాను. ఇంట్లో కూడా, రాత్రి పదకొండు దాకా అల్లాను. బొటనవేలి వైపు మణికట్టు పట్టేసింది. పాలగిన్నె ఎత్తలేకపోయాను. స్నాయువు చుట్టూ ఉండే పొర వాచిందని డాక్టరు పట్టీ వేయించారు. మూడు నెలలు సూది ముట్టలేదు. ఇప్పుడు ఇరవై నిమిషాలకోసారి పక్కన పెట్టి వేళ్ళు చాచుతాను. వైరుతో కలిపి ఉండే సూదులు కొన్నాను, శాలువా బరువు చేతుల మీద కాకుండా ఒళ్ళో పడుతుంది. మీకు రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అల్లిక ఆపి డాక్టరుకు చూపించుకోండి. అంకె ఎంత పెద్దదైనా పెట్టుకోండి కానీ తేదీ మాత్రం పెట్టుకోవద్దు.

‘బజార్లో దొరకవా? నీకెందుకీ శ్రమ?’ అనే బంధువులు మాకూ ఉన్నారు. మీ ఇంట్లో అమ్మో అత్తగారో ఇలాంటి పని పెట్టుకుంటే దయచేసి ఆ మాట అనకండి. 2013లో బ్రిటన్‌లోని ఒక ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలో 3,545 మంది అల్లేవాళ్ళ సర్వే వచ్చింది. ఎక్కువసార్లు అల్లేవాళ్ళు ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని చెప్పారు. అడిగిందే అల్లిక ఇష్టమైనవాళ్ళని, కాబట్టి దాన్ని మరీ తలకెత్తుకోను. నా బీపీ మాత్ర కూడా ఆగలేదు. కానీ ఆ వీడియోలు చూడ్డం ఆగింది. రాత్రి నిద్ర పడుతోంది.

నా శాలువాలు తీసుకున్నవాళ్ళలో నలుగురు ఇప్పుడు లేరు. ఒకాయన కొడుకు శాలువా ఉతికి, మడతపెట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలా అని చాలాసేపు ఆలోచించాను. తియ్యలేదు. ఆ మంచానికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇవ్వనూ లేదు. మా బీరువాలో, జరీ శాలువాల పక్కన ఉంది. కొత్తవాళ్ళకు వేరేది అల్లాను.

వంద అన్నది మొదట్లో నోటికొచ్చిన అంకె. పోయిన నెల 31వది కప్పిన రోజు మావారు మళ్ళీ లెక్కలేశారు. మిగిలినవి 69, ఒక్కోదానికి నెల దాటుతుంది కాబట్టి దాదాపు ఆరేళ్ళు. కాసేపు యంత్రం వైపు చూస్తూ ఊరుకున్నారు. ‘అయితే నేనింకో ఆరేళ్ళు ఇక్కడికి రావాలన్నమాట’ అన్నారు.

‘రావాల్సిందే’ అన్నాను.

32వది ఏ రంగులో అల్లాలో ఆయన్నే అడిగాను. మామిడి చిగురు రంగన్నారు. ఆ రంగు ఊలు కోసం మూడు కొట్లు తిరిగాను. నిన్నటికి నలభై వరసలయ్యాయి.