గీతలు ఎలాగూ పడతాయి, ఒక వరసలో పడనిద్దాం

బ్రష్డ్ స్టీల్‌ని నేను వంటింట్లో కంటే ముందు స్క్రీన్ మీదే గమనించాను. ఫోటోషాప్‌లో ఆ టెక్స్చర్ చేయడం చాలా ఈజీ. బూడిద రంగు నింపి, నాయిస్ ఫిల్టర్ వేసి, మోషన్ బ్లర్‌ని ఒకే దిశలో లాగితే చాలు. చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు కాస్తా గీతలవుతాయి, చూసే కంటికి అది లోహమైపోతుంది. యాపిల్ వాళ్లు 1999లో క్విక్‌టైమ్ 4 ప్లేయర్‌కి ఇదే తొడుగు వేశారు. 2007లో లెపర్డ్ వచ్చేదాకా మ్యాక్ విండోల మీద ఎక్కడో ఒకచోట అది కనిపిస్తూనే ఉండేది.

అసలు స్టీల్ మీద జరిగేదీ ఇదే. బ్రష్డ్ ఫినిష్ అంటే పూత కాదు, గీతలే. కాకపోతే అన్నీ ఒకే వైపు పోతాయి. ఫ్యాక్టరీ భాషలో దీన్ని 4వ నంబర్ ఫినిష్ అంటారు, అద్దంలా మెరిసేది 8వ నంబర్.

మనకి మాత్రం 8వ నంబరే కావాలి. షాపులో గిన్నె తీసుకుని మొహం చూసుకుంటాం, బాగుంది అంటాం, ఇంటికి తెస్తాం. మర్నాటి నుంచి స్టీలు పీచుతో గుండ్రంగా గుండ్రంగా తోముతాం. ఏడాదిలో ఆ అద్దం మసకబారుతుంది. "పాతబడింది" అని పక్కన పెట్టేసి, పాత స్టీలు తూకానికి ఇచ్చి కొత్తది తెచ్చుకుంటాం. నిజానికి స్టీల్‌కి ఏమీ కాలేదు. గీతలు అడ్డదిడ్డంగా పడ్డాయి, అంతే. మన దగ్గర ఉన్నది నాయిస్. దానికి కావాల్సింది మోషన్ బ్లర్, కొత్త గిన్నె కాదు.

గీస్తే తుప్పు పట్టదా అని మా రూమ్మేట్ అడిగాడు. పట్టదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందం పొర కట్టుకుంటుంది. గీకితే ఆ పొర పోతుంది, గాలి తగలగానే మళ్లీ వస్తుంది. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో టైమ్ మెషీన్‌గా తిరిగే డెలోరియన్ కారు గుర్తుందా? దాని బాడీకి పెయింటే లేదు, బ్రష్ చేసిన 304 గ్రేడ్ స్టీల్. చిన్న గీత పడితే ఓనర్లు గిన్నెలు తోమే స్క్రబ్ ప్యాడ్ లాంటిదాంతోనే, ఆ గీతల వరస వెంట రుద్ది సరిచేసుకుంటారు. కారుకి పనికొచ్చింది మన క్యారేజికి పనికిరాదా?

పద్ధతిలో కష్టమేమీ లేదు, ఓపిక కావాలి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడగండి, 120 ఒకటి, 180 ఒకటి. చెక్క ముక్కకి చుట్టి, తడిపి, ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి లాగాలి. ఒకవైపే లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే చివర్లలో కొక్కేల్లాంటి గీతలు పడతాయి. మధ్యలో ఆపకూడదు, చేయి అంచు దాటాకే పైకెత్తాలి. గుండ్రటి డబ్బా అయితే పేపర్‌ని కదలకుండా పట్టుకుని డబ్బానే తిప్పడం సులువు. ఇంకా నున్నగా రావాలని 600కో 800కో పోతే ఆ గీతల అందమే పోతుంది. మామూలు ఇనుప పీచు, ఇంతకుముందు గేటుకి వాడిన పేపర్ అసలొద్దు. వాటి ఇనుప రజను స్టీల్‌లో ఇరుక్కుని తుప్పు పడుతుంది, నింద గిన్నె మీదకి వస్తుంది.

లోపలి వైపు మాత్రం ముట్టుకోకండి. గరుకైన చోట తిండి అతుక్కుంటుంది, శుభ్రం చేయడం కష్టం. ఫ్రిజ్ జోలికీ పోకండి. చాలా ఫ్రిజ్‌ల తలుపుల మీద కనిపించే బ్రష్డ్ స్టీల్ నిజానికి ప్రింట్ చేసిన ఫిల్మ్. అది కూడా ఫోటోషాప్ బాపతే.

నేను చేసింది మా అమ్మమ్మ క్యారేజి. మూడు గిన్నెలది, తూకానికి వెళ్లే సంచిలోంచి తీశాను. పై గిన్నె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన తాతయ్య పేరు ఉంది. 120 పేపర్‌తో గట్టిగా నాలుగు సార్లు లాగితే ఆ అక్షరాలు పలచబడిపోతాయి. అందుకని దాని మీద టేప్ అంటించి చుట్టూ లాగాను. ఇప్పుడు క్యారేజి అంతా పట్టులా మెత్తటి మెరుపుతో ఉంది, పేరున్న చోట మాత్రం పాత అద్దం ముక్క అలాగే ఉండిపోయింది. అనుకుని చేసింది కాదు గానీ నాకు అదే ఎక్కువ నచ్చింది.

అమ్మకి నచ్చలేదు. "తోమినట్టే లేదురా" అంది. ఆ మాట దగ్గరే అసలు పేచీ ఉంది. మన ఇళ్లలో తళతళ అంటే శుభ్రం, శుభ్రం అంటే ఆ ఇంటి ఆడవాళ్ల పేరు. చుట్టాలొస్తున్నారంటే చింతపండు పెట్టి మరీ మెరిపించేది వాళ్లే, మణికట్టు నొప్పులూ వాళ్లవే. బ్రష్డ్ ఫినిష్ మీద వేలిముద్రలు అంతగా కనపడవు, కొత్త గీత పడితే పాతవాటిలో కలిసిపోతుంది. మురికి వదిలితే చాలు, మెరిపించక్కర్లేదు. ఇంత చెప్పినా అమ్మ సగమే ఒప్పుకుంది. "గీతల వెంటే, ఒకవైపే తోమాలి" అన్నాను చివరగా.

"అయితే ఆ క్యారేజి ఇకనుంచి నువ్వే తోము" అంది.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడల్లా తోముతున్నాను. మూడు గిన్నెలు, ఒక మూత. పది నిమిషాలు పడుతోంది.