బొమ్మలోని ఇల్లు

ఇల్లు కట్టి చూడుమనిరి పెద్దలు. కట్టకముందే చూచు కాలము వచ్చినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో గృహనిర్మాణమునకు పూనుకొను కుటుంబమునకు నేడు కాగితముపై గీతలతోపాటు, గోడల రంగులు, మెట్ల వంపులు, కిటికీనుండి పడు వెలుతురు సహితముగా తెరపై కదలాడు ఇంటి బొమ్మను చూపుట వాడుక యగుచున్నది. గీతలు చదువనేరని వారు కూడ వంటగది ఇరుకని ముందుగనే చెప్పగలుగుట చిన్న మేలు కాదు.

ఈ విద్య వాస్తుశిల్పులకు చాలవరకు సినిమానుండియు, వీడియో ఆటలనుండియు సంక్రమించినది. 1957లో వెలువడిన ‘మాయాబజార్’లో కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు బొమ్మ ఇండ్లతో ద్వారకను కూర్చగా, మార్కస్ బార్ట్లే కెమెరా దానిని మహానగరముగా చూపినది. 2015 నాటి ‘బాహుబలి’లో మాహిష్మతికి సెట్టులతోపాటు కంప్యూటరు తోడైనది. ఆటలు మరియొక మెట్టెక్కినవి. ఆటగాడు ఎటు తిరిగిన అటు దృశ్యము తత్క్షణమే సిద్ధము కావలెను. 1998లో ‘అన్‌రియల్’ అను ఆటతో వెలుగుచూచిన ఇంజిన్, క్రమముగా పెంపొంది, నేడు కట్టని ఇంటిలో మనలను నడిపించుచున్నది.

సినిమా దృష్టి నిజమైన కట్టడములలోనికిని ప్రవేశించినది. 2017లో అమరావతి భవనముల రూపకల్పనలో ప్రభుత్వము దర్శకుడు రాజమౌళి సలహా కోరగా, శాసనసభలో తెలుగుతల్లి విగ్రహముపై సూర్యకిరణములు పడు ఏర్పాటును ఆయన చలనచిత్రముగా చూపిరి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని యాదాద్రి ఆలయ పునర్నిర్మాణమునకు సినీ కళాదర్శకుడు ఆనంద్ సాయి రూపకల్పన చేసిరి. 2022 మార్చి 28న ఆ ఆలయము తిరిగి తెరువబడినది. అచట ఊహ సినిమా కళాకారునిదైనను, దానిని కృష్ణశిలలో నిలిపినది స్థపతుల ఉలి. ఈ కలయికయే గ్రహింపదగిన విషయము.

ఏలయన, సెట్టు కెమెరా ఉన్నవైపు నిలిచిన చాలును. చిత్రీకరణ ముగియువరకు నిలిచిన చాలును. ఇల్లు నాలుగు దిక్కులను, మూడు తరములను ఎదుర్కొనవలెను. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి ఆలయములు కాకతీయుల కాలమునుండి ఎండవానలకు ఓర్చి నిలిచియున్నవి. అమ్మకపు బొమ్మలలోనో, ఎల్లప్పుడును చల్లని సాయంకాలమే. చెట్లన్నియు పెరిగినవే. కరెంటు తీగ లేదు, మురుగు కాలువ లేదు, పొరుగువాని గోడ లేదు. అట్టి బొమ్మను నమ్మి జీవితకాలపు కష్టార్జితమును ధారపోయు కుటుంబములు కలవు. ప్రకటనలోని అసత్యమువలన నష్టపోయినవారికి పరిహారము నిచ్చు నిబంధన 2016 నాటి స్థిరాస్తి చట్టములో ఉన్నమాట నిజమే. కాని చట్టము ఆదుకొనునది నష్టము జరిగిన పిమ్మటనే.

దోషము సాధనమునందు లేదు. ఊరు, తేదీ, గంట చెప్పినచో సూర్యుని స్థానమును లెక్కించి నీడలను చూపగల శక్తి దానికి కలదు. ఆ శక్తిని అందముకొరకే గాక సత్యముకొరకు వినియోగింపుమని అడుగు హక్కు గృహస్థునిది. మే నెల మధ్యాహ్నము మూడు గంటలకు పడమటి గది ఎట్లుండును? ప్రక్క స్థలములో రెండంతస్తులు లేచినపుడు వెలుతురు ఎంత మిగులును? ఈ రెండు బొమ్మలను చూపుమని ఇంజనీరును కోరవలెను. వాననీరు పోవు దారిని గీసి చూపుమనవలెను. వానిని చూచిన పిమ్మటనే బయానా ఈయవలెను.