కొండకు చీటీ

పిల్లలూ! కొండ ఎక్కడానికి కాళ్ళుంటే చాలదా, పర్మిటు చీటీ దేనికి అని మీకు తోచవచ్చు. చెబుతాను, వినండి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో యోసెమిటీ అనే జాతీయ వనం ఉన్నది. అందులో హాఫ్ డోమ్ అనే కొండ, గుమ్మటాన్ని నిలువునా సగానికి కోసినట్టు ఉంటుంది. ఎత్తు 8,800 అడుగుల పైచిలుకు. దాని మీదికి మనిషి ఎక్కలేడని ఒకప్పుడు పెద్ద పెద్దవారే అన్నారు. 1875లో జార్జి ఆండర్సన్ అనే ఆయన రాతికి కన్నాలు తొలిచి, ఇనుప మేకులు దిగగొట్టుకుంటూ ఎక్కనే ఎక్కాడు!

1919లో అక్కడ రెండు ఉక్కుతాళ్ళు బిగించారు. ఆఖరి 400 అడుగులూ వాటి నడుమ, రెండు చేతులా తాళ్ళు పట్టుకొని ఎక్కాలి. దిగడానికి కూడా ఆ సందే. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

రద్దీ రోజులలో 1,200 మంది దాకా వచ్చేవారు. పలక తీసి లెక్క వేయండి. ఎక్కడం, దిగడం కలిపి 2,400 సార్లు. పది గంటలంటే 600 నిమిషాలు. నిమిషానికి నలుగురు! కొందరు విసిగిపోయి తాళ్ళ బయటినుంచి పోయేవారు. ఇంతలో ఉరుములతో వాన వస్తే? తడిసిన ఆ రాయి మహా జారుడు. పిడుగు భయం సరేసరి. మబ్బు కనబడగానే దిగిపోవాలి. కాని కిందివారు కదలనిదే పైవారు దిగేదెట్లా?

అందుకని 2010లో శుక్ర, శని, ఆదివారాలకూ సెలవు దినాలకూ పర్మిటు పెట్టారు. జనం ఏం చేశారనుకున్నారు? మిగిలిన రోజులలో ఎగబడ్డారు! గట్టు వేస్తే నీరు పక్కదారి పట్టినట్టే. 2011 నుంచి, తాళ్ళు నిలబెట్టి ఉంచే కాలమంతా ప్రతిరోజూ పర్మిటు ఉండవలసిందే.

ఇప్పుడు రోజుకు 300 మందే. అందులో 225 మంది ఒక్కరోజులో వెళ్ళి వచ్చేవారు, 75 మంది అడవిలో రాత్రులు మకాం చేసేవారు. ఇందాకటి లెక్క మళ్ళీ వేయండి, నిమిషానికి ఒక్కరే వస్తుంది.

ఒక్కరోజులో వెళ్ళి వచ్చేవారికి లాటరీ తీస్తారు. మార్చి నెలలో దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పుడు రాకపోతే, ఎక్కదలచిన రోజుకు రెండు రోజుల ముందు మరో లాటరీ ఉన్నది. రుసుము ఉన్నది గాని, ఎక్కువ ఇచ్చినవారికి ముందు చీటీ అనే పద్ధతి లేదు. ఇది నాకు చాలా నచ్చింది. ఎంతో దూరంనుంచి వచ్చి, చీటీ లేక ఆగిపోయేవారికి కష్టంగానే ఉంటుంది, కాదనను. అయినా అదే దారిలో వెర్నల్, నెవాడా అనే రెండు జలపాతాలున్నాయి. అక్కడిదాకా నడిచి, చూసి రావడానికి ఈ చీటీతో పనిలేదు.