నీరెరిగిన పల్లం

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్న సామెత తెలుగునాట ఎరుగనివారు లేరు. అయితే నీరెరిగిన ఆ పల్లాన్ని నేటి నగరవాసి ఎరుగునా అన్నది సందేహమే. ఇంగ్లీషులో అరుదుగా కనిపించే ‘వర్సంట్’ అన్న మాట ఆ సందేహాన్ని తరగతిగదిలోనికి తీసుకురాగలదు.

నిఘంటువు తెరచిన విద్యార్థికి ఆ మాట పక్కన కొండవాలు అన్న అర్థం దొరుకుతుంది. ఉపాధ్యాయుడు ‘ఏటవాలు’ అని చెప్పి తరువాతి పంక్తికి సాగిపోవచ్చు. ఆ అర్థం తప్పు కాకపోయినా చాలదు. ‘స్లోప్’ ఏ వాలుకైనా చెల్లుతుంది. కొండ క్రింద నిలిచినవానికి ‘అక్లివిటీ’ అయినదే శిఖరాన నిలిచినవానికి ‘డిక్లివిటీ’ అవుతుంది. ‘వర్సంట్’ మనిషి నిలిచిన చోటును విడిచి నీటి దారిని పట్టుకుంటుంది. ఫ్రెంచిలో ‘వెర్సే’ అంటే ఒలకబోయడం. ఆ క్రియనుండి పుట్టిన ఈ మాట పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. పర్వతశ్రేణికి గాని, ఒక దేశానికి గాని, నీరు ఒక దిక్కుకు ఒలికే పార్శ్వమంతా వర్సంట్.

మహాబలేశ్వరమే దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పుట్టిన సావిత్రీ నది పడమటికి దిగి కొద్ది దూరంలోనే అరేబియా సముద్రాన్ని చేరుతుంది. అదే కొండమీద పుట్టిన కృష్ణకు ఆ సముద్రం సుమారు 64 కిలోమీటర్ల దూరమే. అయినా అది తూర్పు పార్శ్వాన జారి, 1,400 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పుట్టినచోటు ఒకటే అయినా, వాలు వేరు కావడంతో గమ్యాలు వేరైనాయి.

సికిందరాబాదు విద్యార్థి ఇంత దూరం పోనక్కరలేదు. పికెట్ ప్రాంతంలో కురిసిన వాన నాలాగా పారి హుస్సేన్‌సాగరంలో పడుతుంది. ఆ చెరువు నిండు నీటిమట్టం సముద్రానికి 513 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ పొర్లిన నీరు మూసీకి, మూసీ వాడపల్లి వద్ద కృష్ణకు, కృష్ణ హంసలదీవి వద్ద కడలికి చేరుతాయి. బడి ముంగిట పడిన చినుకు కూడా ఆ పెద్ద తూర్పు వాలులోనిదే.

ఊరి పేర్లు సైతం నేల తీరును చెబుతూనే ఉన్నాయి. అడ్డగుట్టలో, పార్శీగుట్టలో గుట్ట వినిపిస్తుంది. తిరుమలగిరిలో గిరి ఉన్నది. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకొన్న ఈ దండు ఊరిలో ఆ తిరుమలగిరి ఇంగ్లీషువారి నోట ‘ట్రిమల్‌గెరీ’ అయినది. పలుకుబడి మారినప్పుడు గిరి చెవికి మరుగైపోయింది. పేరు బోర్డుమీద చదివే బాలునికి అక్కడొక కొండ ఉన్నదన్న ఊహే కలుగదు.

తెలుగులో ఇటువంటి మాటలకు కరవు లేదు. కొండ పక్క చరియ. కొండను ఆనుకొన్న క్రింది నేల ఉపత్యక, కొండమీది నేల అధిత్యక. రైతు నోట మెరక, పల్లం, ఎగువ, దిగువ ఉండనే ఉన్నాయి. ‘వర్సంట్’కు సరిపోయే ఒక్క మాట మాత్రం వాడుకలో స్థిరపడలేదు. ‘పరీవాహక ప్రాంతం’ నీరు కూడే పరిధిని చెబుతుంది గాని ఒలికే దిక్కును చెప్పదు. ‘జలవాలు’ అందామంటే సంస్కృతాంధ్ర పదాల పొత్తు వ్యాకరణవేత్తలకు రుచించదు. ‘నీటివాలు’ అనడం యుక్తం. పడమటి కనుమలకు తూర్పు నీటివాలు, పడమటి నీటివాలు అంటే పదేండ్ల బాలునికైనా బోధపడుతుంది.

పరీక్షలో రాని మాటకు ఇంత శ్రమ ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు 2020 అక్టోబరు వానలు సమాధానం చెప్పినాయి. హైదరాబాదులో చెరువుల కట్టలు తెగినాయి, వీధులు ఏరులైనాయి, ప్రాణాలు పోయినాయి. వాన అసాధారణమైనదే. కాని ఎగువ చెరువు అలుగు నీరు దిగువ చెరువుకు చేరేటట్లు పెద్దలు కట్టిన గొలుసుకట్టు చెరువుల నడుమ ఇండ్లు లేచినందువల్ల ఆపద పెరిగింది. నీరు తన పాత పల్లాన్ని మరువలేదు, మరచినవారు మనుషులు. నేల వాలును పేరుపెట్టి పిలువలేని తరానికి, స్థలం కొనేటప్పుడు ఆ వాలును గురించి అడగాలన్న ఆలోచన ఎక్కడనుండి వస్తుంది?

కాబట్టి ఉపాధ్యాయుడు ఈ మాటను నల్లబల్లమీద వ్రాసి విడువరాదు. తొలకరినాడు పిల్లలను బడి వసారాలో నిలిపి, చూరునుండి జారిన నీరు ఏ వైపుకు పోతున్నదో, ఆ పైన ఏ నాలాలో కలుస్తున్నదో కనుగొని రమ్మనాలి. ఆ దారిని తమ నోటుపుస్తకంలో గీసుకొన్న పిల్లలకు ‘వర్సంట్’ అర్థం వేరే చెప్పనక్కరలేదు.