పులి దారి గీసేముందు గూడెంను అడగండి

ఏటా పుష్యమాసంలో మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరి జలం తేవడానికి కాలినడకన బయలుదేరతారు. కాళ్లకు చెప్పులుండవు. వాగులు దాటుతూ, దారిలోని ఊళ్లలో ఆగుతూ జన్నారం మండలం హస్తినమడుగు దాకా వెళ్లి వస్తారు. తరాలుగా నడిచిన కాళ్లే ఆ దారిని కాపాడుకుంటూ వచ్చాయి.

పులికీ అలాంటి దారి ఉంది. మహారాష్ట్రలోని తాడోబాలో ఈడొచ్చిన పులి కొత్త చోటు వెతుక్కుంటూ ప్రాణహిత దాటి, కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ వైపు వస్తుంది. దీన్నే అధికారులు కారిడార్ అంటున్నారు. ఆ దారి తెగిపోతే కవ్వాల్ అడవి వాగు చేరని కుంటలా మిగులుతుంది. దారి ఉండాలి. అందులో మనకు రెండో మాట లేదు. మన తగాదా అంతా ఆ దారిని కాగితం మీద గీసిన తీరుతోనే.

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. మమ్మల్ని అడగకుండా మా అడవి మీద గీత ఎలా గీశారని గూడేలన్నీ లేచాయి. జూలైలో జీవోను నిలుపుదల చేశారు. నిలుపుదల అంటే రద్దు కాదని మనం మరిచిపోవద్దు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షన్ చదవండి. స్థానిక ప్రజలతో సంప్రదించాకే ఇలాంటి రిజర్వ్ ప్రకటించాలని అందులోనే ఉంది. భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది అడవి మీద మన హక్కు కోసం. ఆయన పేరు తీసుకుని, ఆయన మనుషుల మాట తీసుకోకపోవడం ఏం న్యాయం?

అడవికి జీవితం ధారపోసినవారు అనగానే మన పిల్లలకు కూడా కెమెరా పట్టుకున్న పట్నం మనిషే గుర్తొస్తాడు. ఆ మనిషి కష్టాన్ని మనం తక్కువ చేయం. కానీ ఎండాకాలం అడవి అంటుకుంటే పచ్చికొమ్మ విరిచి మంటలార్పేది ఎవరు? అడుగుజాడ చూసి పులి ఏ పూట పోయిందో చెప్పేది ఎవరు? నల్లమలలో చెంచులు, ఇక్కడ గోండులు, కొలాములు. అదే పని పట్నం మనిషి చేస్తే పరిరక్షకుడు, మనవాడు చేస్తే వాచర్!

మన తప్పు కూడా మనం చెప్పుకోవాలి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం కలిసిన పశువు మాంసం తిని పులి చనిపోయింది. అడవిపందికని కట్టిన కరెంటు తీగకు పులీ ఒకటే, పశువుల వెంట పోయే పిల్లాడూ ఒకటే. పత్తి ఏరే రోజుల్లో పులి దాడికి మన జిల్లా బిడ్డలు చనిపోయారు. ఆ కడుపుకోత మనకు తెలుసు. అయినా విషం, తీగ మన పెద్దలు నేర్పిన బతుకు కాదు. పశువు పోయిన ఇంటికి పరిహారం వెంటనే ఇప్పించడానికి కొట్లాడదాం, విషం డబ్బాను మాత్రం ఊళ్లోకి రానివ్వొద్దు.

2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగలకు 2011లో పులుల అభయారణ్యం లోపలే సామూహిక హక్కులు దక్కాయి. సోలిగలూ ఉన్నారు, పులులూ ఉన్నాయి. అక్కడ అయినది ఇక్కడ ఎందుకు కాదు?

కాబట్టి మన మాట ఇది. ముందు సామూహిక అటవీ వనరుల హక్కు పత్రాలు ఇవ్వండి. తర్వాత గ్రామసభలో కూర్చుని, మన పెద్దలు చూపిన దారుల మీద కారిడార్ గీయండి. జాడ పట్టే మన యువకులకు రోజుకూలి బదులు పక్కా ఉద్యోగం ఇవ్వండి. పోడు రైతును ఆపిన నియమమే బొగ్గు గనికీ, పెద్ద రోడ్డుకూ పెట్టండి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ఏడు మీ బడి పిల్లలతో ఊరి అడవి పటం గీయించండి. వాగులు, గుట్టలు, దేవుడి చోట్లు, జంతువులు నీళ్లకు వచ్చే దారులు గోండి, కొలామి పేర్లతోనే రాయించండి. పెద్దలను అడిగి రాయించండి. రేపు అధికారి పటం పట్టుకుని గూడెంకు వస్తే, మన పటం కూడా గ్రామసభలో సిద్ధంగా ఉండాలి.