సర్వర్ టైమ్ ఎవరు చూస్తున్నారు?

ఆఫీసు కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగితే దర్యాప్తుకు వచ్చినవాళ్లు ముందు అడిగేది లాగ్‌లే. ఫైర్‌వాల్ లాగ్‌లో చొరబాటు 2:14కి, డేటాబేస్ లాగ్‌లో ఫైళ్లు కాపీ అయింది 2:09కి అని ఉంటే? దొంగ గడప తొక్కకముందే సొమ్ము పోయినట్టు! ఆ లాగ్‌లను సాక్ష్యంగా నిలబెట్టడానికి నానా తంటాలు పడాలి.

ఆ రెండు యంత్రాల గడియారాలు కలవకపోవడమే దీనికి కారణం. సర్వర్ గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ స్ఫటికం వేడికీ వయసుకీ గతి తప్పుతుంది. పది లక్షల్లో పది వంతుల తేడా వచ్చినా చాలు, నెలకు పాతిక సెకన్లు దాటిపోతుంది.

దీనికి విరుగుడు 1985లోనే వచ్చింది. కంప్యూటర్ల గడియారాలను కలిపేందుకు డేవిడ్ మిల్స్ రూపొందించిన నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎన్‌టీపీ అది. చూపు పోతున్నా ఆయన దాన్ని మెరుగుపరుస్తూనే వచ్చారు. 2024 జనవరిలో కన్నుమూశారు. ఆయన లెక్క ఎంత చక్కనిదో చూడండి. మన సర్వర్ ఒక టైమ్ సర్వర్‌ను టైమ్ అడిగింది, 60 మిల్లీసెకన్లలో జవాబొచ్చింది. రానూపోనూ సమానమనుకుంటే దారిలో ఒకవైపుకు పట్టింది 30. మనం అడిగిన క్షణానికీ, అది తమకు అందిందని అవతలివాళ్లు వేసిన టైమ్‌కూ తేడా 130 ఉంటే, అందులో 30 ప్రయాణానిది. మిగిలిన 100 మన గడియారం వెనకబాటు. చిన్న తేడా అయితే ఎన్‌టీపీ ముల్లును ఒక్కసారిగా తిప్పేయదు, మెల్లగా సర్దుతుంది.

మన దేశంలో గడియారాలను ఇలా సరిచూసుకోవడం ఐచ్ఛికం కూడా కాదు. సంస్థలన్నీ తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో కలపాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. మంచి ఆదేశమే. చిక్కల్లా ఆ తర్వాతే. ఫైర్‌వాల్‌లో ఎవరో ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టు మూసేస్తారు. ఎన్‌టీపీ సర్వీసు మాత్రం నడుస్తున్నట్టే కనిపిస్తుంది, జవాబు ఒక్కటీ రాదు, ఎవరూ గమనించరు. డిస్క్ నిండితే అలర్ట్ పెట్టుకునే మనం టైమ్ తప్పితే ఎందుకు పెట్టుకోం? టైమ్ సోర్సులు రెండే పెట్టి ఊరుకోవడమూ తప్పే. అవి విభేదిస్తే ఏది నిజమో సర్వర్‌కు తెలిసే దారి లేదు. నాలుగు ఉండాలి.

సిస్టమ్ అడ్మిన్ మిత్రులారా, లైనక్స్ సర్వర్లలో క్రోనీ వాడుతుంటే ఈ వారమే సోర్సుల జాబితా తెరిచి చూడండి. ఒక వరుస పక్కన నక్షత్రం గుర్తు ఉందంటే టైమ్ అందుతోంది. అన్నిటి పక్కనా ప్రశ్నార్థకమే ఉంటే మీ సర్వర్ ఎవరి మాటా వినడం లేదు. ఆ 123 పోర్టు ఇవాళే తెరిపించండి.